తమ్ముడికి నేనిచ్చిన గ్లాసు

మా వంటగది కిటికీ గట్టు మీద ఒకప్పుడు ఇనుపరాళ్ళు వరుసగా ఉండేవి. బైలాడీలా ఇనుపగనుల కిందున్న మా కిరండూల్‌లో ఇనుపరాయికేం కరువు? కొండంతా అదే, రోడ్డు మీదా అదే, ఆరేసిన తెల్లచీర మీద సాయంత్రానికి పట్టే ఎర్రటి పొరా అదే. అయినా ఆ గట్టు మీది రాళ్ళను మాత్రం నేను ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. అవి నా తమ్ముడు రోజుకొకటి చొప్పున తెచ్చి పెట్టినవి. ఒక్కో రాయి అంటే సూది పొడుచుకోకుండా వాడు గడిపిన ఒక రోజు.

నేను బజారు దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని, హిందీలో. ఎనిమిదో తరగతికి బోర్డు మీద మెదడు బొమ్మ గీస్తే అది గోబీపువ్వులా వచ్చేది. పిల్లలు నవ్వేవాళ్ళు, నేను డస్టర్ విసిరేదాన్ని. నాకు కోపం ఎక్కువ. నాకన్నీ తెలుసన్న పొగరు అంతకన్నా ఎక్కువ. పెళ్ళి చేసుకోకపోవడమే మంచిదైంది, లేకపోతే ఆ మనిషి రోజూ డస్టర్ దెబ్బలు తినేవాడని తమ్ముడు ఏడిపించేవాడు.

మాది కోంటా వైపు, ఎర్రబోరు దగ్గర పల్లె. నాన్న గనిలో కూలీగా చేరి, తర్వాత పర్మనెంటు అయ్యాడు. నన్ను భద్రాచలంలో మేనత్త ఇంట్లో పెట్టి తెలుగులో చదివించాడు. తమ్ముడు కిరండూల్ హిందీ బడిలోనే పెరిగి, డ్రైవింగ్ నేర్చుకుని, కొండ మీద ఇనుపరాయి మోసే డంపర్ ఎక్కాడు. అమ్మానాన్నా పోయాక వాడికి నేను, నాకు వాడు. తోంగ్‌పాల్ అమ్మాయిని ఇష్టపడి చేసుకుని, మా ఇంటికి రెండు వీధుల అవతల కాపురం పెట్టాడు. ఆమె ఇంట్లో మాట్లాడేది హల్బీ. పెళ్ళైన ఏడాదికే తెలుగు గడగడా మాట్లాడసాగింది, కాకపోతే సగం హిందీ కలిపి. నన్ను దీదీ అనేది. తెలుగు చదవడం కూడా నేర్పమని ఒక రోజు పలక కొనుక్కుని వచ్చి కూర్చుంది. అ, ఆలతో మొదలుపెట్టాం. ఎ, ఏ, ఐల దాకా వచ్చాం.

ఒక వర్షాకాలం, తమ్ముడి డంపర్లోకి షావెల్ యంత్రం లోడు పోస్తుండగా బకెట్లోంచి పెద్ద బండ ఒకటి ఒక్కసారిగా తొట్టిలో పడింది. బండి మొత్తం ఎగిరి కూలబడింది. సీట్లో ఉన్నవాడి నడుము అప్పుడే పోయింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. తప్పు ఎవరిదీ కాదు. డాక్టర్లు ఇవ్వాల్సిన నొప్పి ఇంజెక్షనే ఇచ్చారు, ఇవ్వాల్సినన్ని రోజులే ఇచ్చారు. అది నల్లమందు జాతి మందు అని వాళ్ళే చెప్పారు. ఇంటికి వచ్చాక వాడు దాన్ని బజారులో ఒక మందుల దుకాణంలో, చీటీ లేకుండా కొనడం మొదలుపెట్టాడు. అలా దొరుకుతుందని మాత్రం వాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు.

రెండేళ్ళు. ఆ రెండేళ్ళ గురించి ఎక్కువ రాయలేను. పొడిచిన చోటే పొడిచి పొడిచి వాడి తొడలు చెక్కలా గట్టిపడ్డాయి. నొక్కితే వేలు దిగేది కాదు. మొదట్లో నొప్పి కోసం పొడుచుకున్నాడు, తర్వాత పొడుచుకోకపోతే వచ్చే నొప్పి కోసం పొడుచుకున్నాడు. నేను తిట్టాను, ఏడ్చాను, గదిలో పెట్టి గొళ్ళెం వేశాను. గొళ్ళెం వేసిన రోజు వాడు లోపలి నుంచి చాలా మర్యాదగా అన్నాడు.

"అక్కా, గొళ్ళెం తియ్యమని అడుగుతలేను. నీళ్ళ చెంబు ఒకటి లోపల పెట్టు. వాంతులైతున్నయ్."

గొళ్ళెం తీసి నీళ్ళిచ్చాను. అంతకుమించి నాకేమీ చేతకాలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో వాడే విశాఖ తీసుకెళ్ళమన్నాడు. అక్కడ మత్తు మాన్పించే వార్డులో నాలుగు వారాలున్నాడు. డాక్టరు చిన్నవాడే, మాది ఏ ఊరని అడిగి, బైలాడీలా అనగానే పటం తెప్పించుకుని చూశాడు. పంపించేటప్పుడు ఒక్కటే మాట చెప్పాడు: ఏ మత్తూ వద్దు, సారా గానీ కల్లు గానీ ఇంకేదైనా గానీ. నేను తలూపాను. తిరుగు రైల్లో, కిటికీలోంచి ఎదురొచ్చే ఇనుపరాయి గూడ్సును చూస్తూ తమ్ముడు అన్నాడు.

"అక్కా, నేను మాటిస్తే నువ్వు నమ్మవు. రోజూ ఒక రాయి తెచ్చి నీ ముందు పెడ్త. పెట్టని రోజు నన్ను అడుగు."

అలా మొదలయ్యాయి రాళ్ళు. వాడికి కొండ కింద లోడింగ్ దగ్గర తేలిక డ్యూటీ ఇచ్చారు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఉసిరికాయంత రాయి ఒకటి ఏరుకొచ్చేవాడు. నా వంటింట్లోకి వచ్చి, గట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి ఒకసారి చూసుకుని, టీ అడిగేవాడు. మొదట్లో నేను తొడ కూడా చూపించమనేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్ళ వాడు, పెళ్ళైనవాడు, సిగ్గుపడకుండా లుంగీ పైకి లాగి చూపించేవాడు. బొటనవేలితో నొక్కి చూసేదాన్ని. వానలు పడేసరికి వేలు కొంచెం దిగసాగింది. దసరాకు చూడటం మానేశాను. రాయి చాలనిపించింది.

పది నెలలు. గట్టు నిండిపోయి రెండో వరుస వేశాం. మరదలు ముఖంలో రంగు వచ్చింది. మళ్ళీ పలక పట్టుకుని వచ్చి క, ఖ, గలు దిద్దేది. తమ్ముడు పక్కన కూర్చుని, నాకే రాదు నీకెందుకే అని ఏడిపించేవాడు. నీ అక్క ఏం రాస్తదో చదువుకోవాలని, అనేది ఆమె. నేను అప్పట్లో తెలుగులో డైరీ రాసేదాన్ని.

కానీ నొప్పి మాత్రం పోలేదు. ఈ సంగతి మనం మరిచిపోతాం. మందు మానేశాడని సంబరపడతాం గానీ, మందు ఎందుకు మొదలైందో ఆ నడుము అలాగే ఉంటుంది. చలికాలం బైలాడీలా గాలి ఎముకల్లోకి దిగుతుంది. పుష్యమాసం వచ్చేసరికి వాడు కూర్చుని టీ తాగలేకపోయాడు, గోడకు ఆనుకుని నిలబడి తాగేవాడు. నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. ఆసుపత్రిలో ఇచ్చే మామూలు మాత్రలు కడుపులో మంట తప్ప ఏమీ చేయలేదు. డంపర్లు పైకి పోతుంటే ఆ చప్పుడుకు నడుము పట్టుకునేవాడు.

శివరాత్రి రోజు మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగాక వచ్చాడు. రాయి పెట్టాడు. టీ అడగలేదు.

"ఏందిరా, ఇంత ఆలస్యం?"

"చుట్టు తిరిగి వచ్చినక్కా. ఆ దుకాణం ముంగట నుంచి రాలేకపోయిన. రైల్వే లైను వెనక నుంచి వచ్చిన."

ఆ మందుల దుకాణం ముందు నుంచి పది నెలలుగా రోజుకు రెండుసార్లు నడిచినవాడు ఈరోజు చుట్టుదారి పట్టాడంటే, రేపు ఏ దారి పడతాడో నాకు అర్థమైంది. రేపు ఈ టైముకు రాయి రాదు అనుకున్నాను.

మా పక్కింట్లో బెనారస్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. అందరం చాచీ అనేవాళ్ళం. ప్రతి శివరాత్రికి ఆమె భంగు, అంటే గంజాయి ఆకు, నూరేది. పాలు, బాదం, సోంపు, మిరియాలు వేసి, బట్టలో వడకట్టి, శివుడి ముందు పెట్టి, మా లైనులో అందరికీ పంచేది. ఆడవాళ్ళకు ఒక గుక్క, మగవాళ్ళకు ఒక గ్లాసు. దాన్ని ఎవరూ మత్తు అనేవాళ్ళు కాదు. సారా తాగేవాణ్ణి గడప తొక్కనివ్వని ఇళ్ళలో కూడా ఆ గ్లాసు కళ్ళకద్దుకుని తాగేవాళ్ళు. ఆరోజు పొద్దున ఆమె నాకూ ఒక చెంబు ఇచ్చి వెళ్ళింది. "భోలే బాబా కా ప్రసాద్ హై బేటీ, భాయీ కో భీ దేనా. దర్ద్ మే ఆరామ్ మిలేగా" అంది. శివుడి ప్రసాదం, తమ్ముడికీ ఇవ్వు, నొప్పికి హాయిగా ఉంటుందని.

నేను చెంబు వైపు చూశాను. సైన్సు టీచర్ని కదా, లెక్కలు వేశాను. ఇది ఆకు. సూది కాదు, నల్లమందు జాతి అసలే కాదు, వేరే మొక్క, వేరే పదార్థం. నొప్పి తగ్గిస్తుందని పుస్తకాల్లో కూడా ఉంది. ఈ రాత్రికి వీడు పడుకుంటే రేపు గండం గడుస్తుంది. గ్లాసులో పోసి ఇచ్చాను.

తమ్ముడు తీసుకోలేదు.

"అక్కా, ఏ మత్తూ వద్దన్నడు కదా డాక్టరు."

"ఇది మత్తా? ప్రసాదం. సైన్సు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా? తాగు."

ఈ మాటలు నేనే అన్నాను. కసిరినట్టుగా అన్నాను. వాడు చిన్నప్పటి నుంచీ నేను కసిరితే చేసేవాడు. తాగాడు.

గంటకల్లా గోడ వదిలి చాప మీద కూర్చున్నాడు. తర్వాత ఒరిగాడు. చాలా నెలల తర్వాత వాడు నిద్రపోతుంటే చూశాను. నిద్రలేచాక నవ్వాడు, అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. నేనెంత గర్వపడ్డానో చెప్తే నవ్వుతారు. మర్నాడు రాయి వచ్చింది. ఆ రోజూ ఒక గ్లాసు ఇచ్చాను. మూడోరోజు చాచీ దగ్గరికి వెళ్ళి అడిగి మరీ తెచ్చాను. నాలుగోరోజు భంగు అయిపోయింది.

ఆ రోజు తమ్ముడు రాయి పెట్టి, గట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకో గానీ అక్కా, మొన్నటి సంది సూది బాగ గుర్తొస్తంది. నొప్పికి కాదు. ఊరికెనే. దాని వాసన కూడ గుర్తొస్తంది."

"గుర్తొస్తే రానియ్యి. పోతది" అన్నాను. కూరలో ఉప్పు చూస్తున్నాను అప్పుడు.

ఆ తర్వాత కూడా రాళ్ళు వస్తూనే ఉన్నాయి. హోలీ వెళ్ళిపోయింది. ఉగాది దగ్గర పడింది. ఒకరోజు వాడు రాయి పెట్టి, ఎప్పటిలా వెనక్కి జరిగి చూసుకోకుండానే టీ అడిగాడు. నేను లుంగీ పక్కకు లాగి, తొడ మీద బొటనవేలు పెట్టి నొక్కాను. దిగలేదు.

వాడు నా వేలిని చూశాడు, నన్ను చూశాడు. "ఎప్పటి నుంచి?" అన్నాను. వాడు ముఖం గట్టు వైపు తిప్పాడు. గట్టు మీద మూడో వరుస కూడా సగం దాకా వచ్చింది. అందులో ఏ రాయి నిజమో, ఏ రాయి అబద్ధమో నాకు తెలియలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. అబద్ధం రాళ్ళు ఎందుకు పెట్టావురా అని అడిగితే, "నువ్వు రోజూ ఈ టైముకు కిటికీ కాడ నిలబడ్తవు గదా" అన్నాడు.

మళ్ళీ విశాఖ. అదే డాక్టరు. మరదలు కూడా వచ్చింది. పది నెలలు బాగా ఉన్నవాడివి, ఏం జరిగిందని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచాను. అంతలో తమ్ముడు నా వైపు చూడకుండానే చెప్పేశాడు.

"శివరాత్రికి దోస్తులతోని భంగు తాగిన సార్. మూడు రోజులు తాగిన. తర్వాత ఆగలేకపోయిన."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. దీన్ని గురించి ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు వేరే మాట దొరకలేదు. మూసుకున్నాను, అంతే.

డాక్టరు కోప్పడలేదు. కాగితం తీసుకుని మెదడు బొమ్మ గీశాడు. నాకంటే బాగా గీశాడు. మధ్యలో ఒకచోట చుక్క పెట్టి, ఏది సుఖమో గుర్తుపెట్టుకునే చోటు ఇది అన్నాడు. నల్లమందు జాతి మందులు పట్టుకోవడానికి అక్కడ కణాల మీద గ్రాహకాలుంటాయి. గంజాయి, భంగు పట్టుకునే గ్రాహకాలు వేరే. కానీ అవి కూడా అదే చోట, వీటి పక్కనే ఉంటాయి, ఒక్కోసారి ఒకే కణం మీద రెండూ ఉంటాయి. ఒకదాన్ని కదిలిస్తే రెండోది ఊరుకోదు. మందు ఇచ్చే సుఖం ఎంత తియ్యగా అనిపించాలో చెప్పడంలో ఈ గంజాయి గ్రాహకాలకు కూడా చెయ్యి ఉంది. ఎలుకల్లో వాటిని మూసేసి చూస్తే, నల్లమందు జాతి మందు మీద ఎలుకకు మోజు తగ్గింది. మానేసిన ఎలుకల్లో వాటిని తెరిచి చూస్తే, నొక్కితే మందు వచ్చే మీట దగ్గరికి మళ్ళీ వెళ్ళాయి. సూది వేరు, ఆకు వేరు అనుకుంటాం గానీ, మెదడు లోపల ఆ రెండిళ్ళకూ గోడ ఒకటే అన్నాడు.

"మరి ఆ గ్రాహకాలు మూసే మందే ఇవ్వొచ్చు కదండీ" అన్నాను.

"అలాంటి మందు ఒకటి వేరే జబ్బుకి వచ్చిందండి. వాడినవాళ్ళలో కొందరికి మనసు బాగా కుంగిపోయింది, ఆపేశారు. అవి మామూలుగా మనం సంతోషంగా ఉండటానికి కూడా కావాలి. మెదడు తనంతట తానే గంజాయిలాంటి పదార్థం ఒకటి తయారు చేసుకుంటుంది. దానికి శాస్త్రవేత్తలు మన ఆనందం అనే మాట మీదే పేరు పెట్టారు."

ఆనందం. ఆ మాట విని మరదలు తలెత్తి చూసింది. అంత పెద్ద ఆసుపత్రిలో, అంత సైన్సులో, ఆమెకు అర్థమైన ఒక్క మాట అదే.

చివరికి నేను అసలు ప్రశ్న అడిగాను. ఆ భంగు తాగకపోయి ఉంటే వీడు ఆగేవాడా అని. డాక్టరు పెన్ను కిందపెట్టాడు. చెప్పలేనండి అన్నాడు. మనుషులు ఎలుకలు కారు, నొప్పి కూడా ఎక్కువగానే ఉంది, నిద్ర లేదు, ఏదైనా కావచ్చు, కొందరికి భంగుతో ఏమీ కాదు కూడా. అదే కారణం అని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఆయన అవునని ఉంటే బాగుండేది. కాదని ఉన్నా బాగుండేది. నిలబడటానికి ఏదో ఒక నేల ఉండేది.

తిరుగు రైల్లో అరకు దగ్గర సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. మరదలు ఎదురు సీట్లో నిద్రపోయింది. వాడు నా చెవి దగ్గర మెల్లగా చెప్పాడు.

"దానికి చెప్పకు అక్కా. నువ్వంటే దానికి మస్తు నమ్మకం. నన్ను నమ్మే పని అయిపోయింది. ఒక్క మనిషినన్న నమ్ముకోవాల గదా అది."

"తప్పు నాదిరా."

"తాగింది నేను. నువ్వు బాగవుతదనే ఇచ్చినవ్. ఇంక తియ్యకు ఆ మాట."

వాడు తర్వాత రెండుసార్లు మానాడు. రెండుసార్లూ మళ్ళీ వెళ్ళాడు. రాళ్ళు మాత్రం మళ్ళీ తేలేదు, నేను అడగలేదు. మరుసటి ఏడాది వానల్లో తొడ మీద పుండు పడింది. అది లోపలికి పాకి రక్తంలోకి వెళ్ళింది. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వమంటారా అని నర్సు అడిగితే, వద్దని వాడే చేయి ఊపాడు. ఆఖరి రోజుల్లో ఎందుకురా ఈ పంతం అనలేకపోయాను. ఇవ్వమని కూడా అనలేకపోయాను. ఏది మంచో నాకు తెలుసన్న నమ్మకం ఆ గ్లాసుతోనే పోయింది. నాలుగోరోజు పొద్దున వాడు పోయాడు.

పదిహేనో రోజున మరదలు వచ్చింది. తోంగ్‌పాల్ వెళ్ళిపోతోంది, పుట్టింటికి. వంటింట్లోకి నేరుగా వెళ్ళి గట్టు ముందు నిలబడింది.

"దీదీ, ఈ పత్తర్‌లు నాకిస్తరా? ఆయన గెలిచిన రోజులు ఇవే గదా. ఇంకేం లేవు నా దగ్గర."

ఏ రాళ్ళని చెప్పను? రెండు వరుసలు నిజం, మూడో వరుసలో కొన్ని మాత్రమే నిజం అని చెప్పనా? తీసుకో అన్నాను. ఆమె కొంగు పరిచి ఒక్కొక్కటే పెట్టుకుంది. ఇనుపరాయి కదా, చీర చిరుగుతుందని గోనెసంచి తెచ్చిచ్చాను. మోయలేకపోతే బస్సు దాకా నేనే ఒక వైపు పట్టుకున్నాను. బస్సెక్కే ముందు నా రెండు చేతులూ పట్టుకుని అంది.

"ఆ దోస్తులు సత్యానాశ్ అయిపోవాలి దీదీ. మీరు పది మహీనే కాపాడిన్రు. మీరు లేకపోతే ఆ పది మహీనే గూడ నాకు ఉండకపోవు."

బస్సు కదిలింది. నేను చేయి ఊపాను.

ఇప్పటికీ ఆమె ఫోన్ చేస్తుంది. రాళ్ళు వాడి ఫోటో కింద పేర్చిందట, పండక్కి కడిగి బొట్టు పెడుతుందట. తోంగ్‌పాల్ రమ్మంటుంది, నేను వెళ్ళను. ప్రతిసారీ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాట అడుగుతుంది. దీదీ, అక్షరాలు సగంలో ఆగిపోయాయి, పలక ఇంకా దాచుకున్నాను, మీరు రాసినవి చదువుకోవాలని ఉంది, ఎప్పుడు నేర్పుతారు అని. ఎండలు తగ్గాక చూద్దాం అంటాను.

ఇదంతా హిందీలో కూడా రాయగలను. బడిలో ముప్పై ఏళ్ళు ఆ భాషలోనే చెప్పాను. ఆమెకు హిందీ చదవడం బాగా వచ్చు. అందుకే తెలుగులో రాశాను.